పికప్ మీద ఇల్లు కట్టాలనుకునే అల్లుడికి

అత్తిముగం,
ఆదివారం.

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందని విని సంతోషం. నువ్వు పంపిన బొమ్మ చూసినాను. మీ అత్త కూడా చూసింది. "ఇందులో వంటిల్లు మనింట్లో దానికన్నా పెద్దగా ఉందే" అనింది. ఫోనులో చెప్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకని కాగితం మీద రాస్తా ఉండాను. ఇంజనీరువి కదా, లెక్క ముందర ఉంటే కాదనలేవు.

నువ్వు అడిగింది ఇది: ఇసుజు వి-క్రాస్ పికప్ తొట్టి అయిదడుగులే, దాని మీద పెట్టే ఇంటి బాక్సు ఏడడుగులు చేయించుకుంటే వెనక డోరు దించి సర్దుకోవచ్చా అని. సర్దుకోవచ్చు. పొడుగుదేముంది, పైపు ముక్క అతికిస్తే సర్దుకుంటుంది. విజయవాడ ఆటోనగర్లో బండ్ల బాడీలు కట్టే పని నేర్చుకునే కాలం నుంచి హోసూరులో షెడ్డు మూసేదాకా నాకాడికి వచ్చినవాళ్ళు అందరూ మొదట అడిగింది పొడుగే. బరువు అడిగినవాళ్ళు తక్కువ. ఆ బరువు యాడ కూర్చుంటుందని అడిగినవాళ్ళు ఇంకా తక్కువ. నువ్వు వెనక నుంచి మొదలుపెట్టినావు. నేను ముందు నుంచి చెప్తాను.

ముందు మనుషుల లెక్క. నువ్వు, కోడలు, పిల్లలిద్దరు. నలుగురు కూర్చోవాల, నలుగురు పడుకోవాల. ఇవి రెండూ ఒకటే అని నీ బొమ్మ అనుకుంటా ఉంది. బండి నడిచేటప్పుడు బాక్సులో ఎవరూ ఉండకూడదు. పిల్లలు పడుకున్నారు కదా, నిదానంగా పోతాం కదా అని కూడా వద్దు. ఆడ సీటూ ఉండదు, బెల్టూ ఉండదు, బ్రేకు వేస్తే గ్యాస్ పొయ్యి వాళ్ళ మీదికి వస్తుంది. ఇన్సూరెన్సు వాడు కూడా రూపాయి ఇయ్యడు. అంటే నలుగురూ ముందు క్యాబిన్‌లోనే కూర్చోవాల. అప్పుడు డబుల్ క్యాబిన్ తప్పదు. డబుల్ క్యాబిన్ అంటే తొట్టి చిన్నది, మోసే బరువు తక్కువ. మోసే బండి కావాలంటే అశోక్ లేలాండ్ దోస్త్ మాదిరి సింగిల్ క్యాబిన్. అందులో పిల్లల్ని కూర్చోబెట్టే చోటు లేదు. నీ చిక్కు మొత్తం ఇదే. బాక్సు డిజైనులో దీనికి జవాబు దొరకదు.

ఆ అమెరికా వీడియోలు చూసి నువ్వు మనసు పడినావని తెలుసు. ఆ బండ్లు వేరే జాతి. ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500 లాంటివి. ఎనిమిదడుగుల తొట్టి, కొన్నిటికి వెనక ఇరుసుకు ఒక్కో పక్క రెండేసి చక్రాలు. ఆ దేశంలో ఇంకో మంచి పద్ధతి ఉంది. ఇట్లాంటి ఇంటిని ఎక్కించుకునే పికప్ అమ్మేవాడు, ఎంత బరువు ఎక్కించొచ్చో, ఆ బరువు కేంద్రం తొట్టిలో యాడ నుంచి యాడ దాకా ఉండొచ్చో కాగితం మీద రాసి ఇయ్యాలని చట్టం. ఇల్లు తయారుచేసేవాడు నీళ్ళూ గ్యాసూ నింపినప్పుడు అది ఎంత తూగుతుందో దాని మీదే అంటించాల. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే జత కుదిరిందో లేదో తెలిసిపోతుంది. మనకాడ ఆ కాగితాలు ఇచ్చేవాడు లేడు కాబట్టి అవి నువ్వే రాసుకోవాల. నిజానికి ఈ ఉత్తరం అంతా దానికోసమే.

బరువు లెక్క చూసుకోకుండా బయలుదేరిన పెద్దమనుషులూ ఉండారు. జాన్ స్టైన్‌బెక్ అని రచయిత, నీకు తెలిసే ఉంటుంది. 1960లో ముప్పాతిక టన్ను జీఎంసీ పికప్ మీద ఇట్లాంటి ఇల్లే పెట్టించుకుని, కుక్కను తోడు తీసుకుని అమెరికా చుట్టినాడు. దాని మీద రాసిన "ట్రావెల్స్ విత్ చార్లీ" 1962లో వచ్చింది. కావాల్సిన దానికన్నా చానా ఎక్కువ సామాను ఎక్కించినానని ఆయనే చెప్పుకున్నాడు. ఆరెగాన్‌లో వాన పడే ఆదివారం పూట వెనక టైరు పోయింది. ఆయనకు నోబెల్ బహుమతి రాబోతా ఉందని టైరుకు తెలీదు కదప్పా.

ఇంక బరువు. వి-క్రాస్ మన తెలుగు నేల మీద, శ్రీసిటీలో తయారయ్యే బండి. ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. బండి గట్టిది, నేను చెడ్డగా చెప్పను. కానీ దాన్ని అయిదుగురు కూర్చుని తిరిగేదానికి చేసినారు, మూటలు మోసేదానికి కాదు. మొత్తం ఎంత ఉండొచ్చు అనే బరువు, ఖాళీ బండి బరువు, రెండూ కాగితాల్లో ఉంటాయి. మొదటిదాంట్లో నుంచి రెండోది తీసేయి. మిగిలిందాంట్లో నుంచి మీ నలుగురి బరువు తీసేయి. ఇంకా మిగిలింది బాక్సుకు. షోరూములో "టన్ను లాగుతుంది సార్" అంటాడు. లాగడం వేరు, మోయడం వేరు. వెనక ట్రాలీ తగిలించి లాగే లెక్క తెచ్చి నీ తొట్టిలో పోయొద్దు.

నీ బొమ్మలో ఉన్న బాక్సును నేను రాత్రి కూర్చుని తూచినాను. పొడుగు ఏడడుగులు, వెడల్పు అయిదుంపావు, ఎత్తు ఆరడుగులు అనుకో. చట్రానికి నలభై మిల్లీమీటర్ల చదరపు ఇనుప పైపు, రెండు మిల్లీమీటర్ల మందం, మీటరుకు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు పడుతుంది. అరవై మీటర్లు లేకుండా ఆ బాక్సు నిలబడదు. అది 140 కిలోలు అయింది. లోపల గోడలకు, పైకప్పుకు, నేలకు పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ అని రాసినావు. ఎనిమిది నాలుగు షీటు ఒక్కొక్కటి ఇరవై రెండు, ఇరవై నాలుగు కిలోలు; ఏడు షీట్లు పడతాయి. 160. బయట అల్యూమినియం రేకు 65. అలమరలకు, మంచానికి, వంట బల్లకు పద్దెనిమిది మిల్లీమీటర్ల షీట్లు మూడు, 105. వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు, వంద కిలోలు. ఇంట్లో వాడే సిలిండరు నిండుగా ఉంటే ముప్పై. ఇన్వర్టర్ బ్యాటరీ పెద్దది యాభై అయిదు. ఇప్పటికి 655. ఏసీ, ఫ్రిజ్, పరుపులు, పాత్రలు, బట్టలు, కోడలి పచ్చడి జాడీలు ఇంకో నూట యాభై అనుకో. ఎనిమిది వందలు దాటిపోయింది. బాత్రూము ఇంకా కలపనే లేదు. ఒక్క గోడ కట్టకముందు నుంచే ఆ బండికి ఇది ఓవర్‌లోడు.

బండికి గాలి సంచులు పెట్టిస్తాం, కమాన్ కట్టల్లో ఇంకో రెండు పట్టీలు వేయిస్తాం అని ఎవరో చెప్పినారని రాసినావు. వేయించుకో, వెనక భాగం కుంగకుండా నిలబడుతుంది. అంతే. ఇరుసు మారలేదు, బ్రేకులు మారలేదు, బేరింగులు మారలేదు, టైర్లు మారలేదు. కంపెనీ రాసిన బరువు ఒక్క కిలో కూడా పెరగదు. కుంగిన బండి నీకు కనీసం ఒక మాట చెప్తా ఉండేది. పట్టీ వేసి దాని నోరు మూయించినావు. టైరు పక్కన అంకె చూడు: 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది, 104 అయితే 900. అది కొత్త టైరుకు, సరిగ్గా గాలి ఉన్నప్పుడు చెప్పే మాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది నువ్వు రెండుసార్లు చదవాల.

మీ తాత ఎద్దుల బండిలో రాగి మూటలు ఎక్కించేటప్పుడు వెనక ఎక్కువ పడిందనుకో, నొగ పైకి లేచి పలుపు ఎద్దు గొంతుకు పట్టేది. ముందు ఎక్కువ పడితే కాడి మెడ మీద కూర్చునేది. తాత మూటను జానెడు ముందుకు, జానెడు వెనక్కి జరిపి, నొగ చేత్తో ఎత్తి చూసి, అప్పుడు బండి కట్టేవాడు. పికప్‌కు ముందర ఎద్దులు లేవు, స్టీరింగు చక్రాలు ఉండాయి. నొగ లేస్తే వాటికి నేల మీద పట్టు తగ్గుతుంది. కంటికి కనిపించేంత లేవవు. చేతిలో స్టీరింగు తేలికైనట్టు ఉంటుంది, నీకు సుఖంగా కూడా అనిపిస్తుంది. అదే ప్రమాదం.

డబుల్ క్యాబిన్ బండిని పక్క నుంచి చూడు. క్యాబిన్ పొడుగైంది కాబట్టి తొట్టి వెనక్కి జరిగింది. తొట్టిలో ఎక్కువ భాగం వెనక ఇరుసుకు వెనకే ఉంటుంది. వి-క్రాస్ తొట్టి ఒకటిన్నర మీటరు. అందులో ఇరుసుకు ముందు పడేది అర మీటరు కూడా ఉండదు. నీ ఏడడుగుల బాక్సు ఆడి నుంచి మొదలై డోరు దాటి బయటికి వస్తే దాని నడిమి భాగం ఇరుసుకు అర మీటరు పైనే వెనక పడుతుంది. బండి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య సుమారు 3.1 మీటర్లు. ఎనిమిది వందల కిలోలు ఇరుసుకు అర మీటరు వెనక పెడితే, వెనక ఇరుసు మీద పడేది ఎనిమిది వందలు కాదు, సుమారు 930. ఆ ఎక్కువైన 130 యాడి నుంచి వచ్చింది? ముందు ఇరుసు నుంచి. అంటే ముందు చక్రాల మీద బరువు 130 కిలోలు తగ్గింది. అదే ఎనిమిది వందలు ఇరుసుకు ఇరవై సెంటీమీటర్లు ముందు పెట్టు: ముందు చక్రాలకు యాభై కిలోలు చేరుతాయి, వెనక 750 పడుతుంది. బాక్సు అదే, బరువు అదే. డెబ్బై సెంటీమీటర్ల తేడాకు బండి వేరే బండి అయిపోయింది.

క్యాబిన్ మీదికి మంచం వస్తుంది కదా, అది ముందుకు లాగుతుంది అంటావు. కాస్త లాగుతుంది. కానీ ఆ మంచం ఉన్నది ఎత్తులో. ధర్మపురి దాటి తొప్పూరు కనుమ దిగేటప్పుడు ఎన్ని లారీలు పక్కకు పడి ఉంటాయో నువ్వు సేలం పోయినప్పుడల్లా చూసినావు. ఏటవాలు, వంపు, పైన బరువు, మూడూ కలిసే చోటు అది. నువ్వు పోదామనుకునే అరకు ఘాటీ, శ్రీశైలం ఘాటీ ఇంకా వంపులు. నీళ్ళ ట్యాంకును పైన పెట్టి కిందికి కొళాయి వదలాలని నీ బొమ్మలో ఉంది. మోటారు డబ్బులు మిగులుతాయని కామోసు. వద్దు. ట్యాంకు నేల మీద, ఇరుసుకు ముందు. బ్యాటరీ దానికి ఎదురు పక్క. సిలిండరు ఒక పక్కకు వస్తే బియ్యం, పప్పులు ఇంకో పక్కకు. అంత సులభం.

బండి ఆకారం గురించి ఒక మాట. వి-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి వాటి తొట్టిలో రెండు పక్కలా చక్రాల బుడిపెలు లోపలికి వచ్చి ఉంటాయి. మధ్యలో మిగిలేది సుమారు 1.1 మీటరు, నాలుగడుగుల ప్లైవుడ్ షీటు అడ్డంగా పడదు. కాబట్టి బాక్సు కింద సన్నగా, తొట్టి గోడల పైకి వచ్చినాక వెడల్పుగా చేయాల. అమెరికా వాళ్ళవి ఆ ఆకారంలో ఉండేది అందుకే, అందం కోసం కాదు. మనకాడ సరుకు మోసే పికప్‌లలో తొట్టి చక్రాల పైన బల్లపరుపుగా ఉంటుంది, మూడు పక్కలా తలుపులు దిగుతాయి. దాని మీద ఉత్త చదరపు పెట్టె పెట్టొచ్చు, పని సగం తగ్గుతుంది, కింద చోటు అంతా వాడుకోవచ్చు. కానీ ఆ బల్ల ఎత్తు ఎక్కువ, ఇల్లు అంత ఎత్తుకు పోతుంది. అప్పుడు పెట్టె ఎత్తు తగ్గించుకోవాల. లోపల నిలబడి తల దువ్వుకోవాలని ఏం లేదు.

ఈ రెండో రకంలో మన ఊరి బండి దోస్త్. అశోక్ లేలాండ్ వాళ్ళు హోసూరులో 1980లో ఫ్యాక్టరీ పెట్టినారు. హోసూరు నుంచే 2011లో నిస్సాన్‌తో కలిసి దోస్త్ తెచ్చినారు. అప్పటికే ఒకటింపావు టన్ను మోసేది. శూలగిరి కొత్తిమీర, రాయకోట టమాటా, మన బాగలూరు పక్క రోజా పూలు బెంగళూరుకు పోయేది ఎక్కువ ఇట్లాంటి బండ్లలోనే. దాంట్లో తొట్టి సుమారు ఎనిమిదడుగులు, దాని నడిమి బరువు ఇరుసుకు ముందు పడేటట్టే చేసి ఉంటారు. ఇద్దరే పోయేదైతే నేను కళ్ళు మూసుకుని దోస్త్ అనేవాణ్ణి. అప్పుడు కూడా ఒకటింపావు టన్ను అన్నారని అంతా నింపేది కాదు. టమాటా బండి పొద్దున నిండి సాయంత్రానికి ఖాళీ అవుతుంది, కమాన్లకు రాత్రి విశ్రాంతి. ఇల్లు అట్లా దిగదు. పగలూ రాత్రీ, నడిచినా నిలబడినా ఆ బరువు మీదనే ఉంటుంది. అందుకని రాసిన దాంట్లో సగానికి కాస్త అటూ ఇటూ, ఆరు వందల కిలోల ఇల్లు చాలు అంటాను. ఇది కంపెనీ లెక్క కాదు, నా లెక్క.

మహీంద్రా బొలెరో క్యాంపర్ అని ఒకటి ఉంది, పేరు చూసి ఎగిరి గంతేయొద్దు. అది కూలీలనూ సామానునూ కలిపి తీసుకుపోయే డబుల్ క్యాబిన్ బండి, టన్ను దాకా మోస్తుంది, తొట్టి అయిదడుగులకు లోపే. నీ నలుగురికీ బరువుకూ రెండిటికీ దగ్గరగా వచ్చేది అదే. సుఖం తక్కువ. బెంగళూరు నుంచి అరకు దాకా అందులో కూర్చుంటే కోడలు నీతో మాట్లాడడం మానేస్తుంది. అది మీ మీ సంగతి.

బిగింపు గురించి చెప్పకపోతే నేను ఈ పని చేసినట్టే కాదు. వి-క్రాస్ లాంటి తొట్టి పల్చని రేకు. బాక్సును ఆ రేకుకు బోల్టు వేసి బిగిస్తే, కొన్నాళ్ళకు బోల్టు చుట్టూ రేకు చిరిగి బాక్సు తన దారిన తను పోతుంది. బిగింపు ఛాసిస్ నుంచి రావాల. నాలుగు మూలలా గొలుసో, మెలి తిప్పి బిగించే రాడ్డో, కింద ఛాసిస్‌కు యూ-బోల్టులతో పట్టించిన బ్రాకెట్టుకు తగిలించాల. ఛాసిస్ మీద వెల్డింగు పెట్టనీయొద్దు. దాని పై రేకలోనూ కింది రేకలోనూ రంధ్రం వేయనీయొద్దు; బలమంతా ఉండేది ఆ రేకల్లోనే. తొందరలో ఉన్న వెల్డరు "ఏం కాదు సార్" అంటాడు. ఆ మాట అనినవాడి కాడి నుంచి బండి వెనక్కి తీసుకుని వచ్చేయి.

ఇంకోటి. గుంతలో ఒక చక్రం దిగినప్పుడు ఛాసిస్ మెలి తిరుగుతుంది. తిరగాలనే దాన్ని అట్లా చేసినారు. నీ పెట్టె మాత్రం నాలుగు మూలలా గట్టిగా ఉంటుంది, మెలి తిరగనంటుంది. నాలుగు చోట్లా ఇనుముకు ఇనుము బిగిస్తే ఎవరో ఒకరు పగలాల. మొదట కిటికీ అద్దం మూల పగులుతుంది, తర్వాత పైకప్పు అతుకు విడుస్తుంది, వాన నీళ్ళు లోపలికి వస్తాయి. లారీ బాడీ కట్టేవాళ్ళు ఛాసిస్‌కూ బాడీకీ మధ్య చెక్క పెట్టేది, ముందు వైపు బిగింపులకు స్ప్రింగు వేసేది ఇందుకే. నువ్వు కూడా వెనక రెండూ గట్టిగా, ముందు రెండూ స్ప్రింగు మీద పెట్టించు. కింద రబ్బరు షీటు పరిపించు. క్యాబిన్ పైకప్పుకూ మంచం అడుగుకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాల. రెండూ వేరువేరుగా ఊగుతాయి కదా, తగులుకుంటే రాత్రంతా టపటపా కొట్టుకుంటాయి.

తీసి పెట్టే బాక్సు మంచిదా, పర్మనెంటుగా కట్టేసేది మంచిదా అంటే, నాకు తీసి పెట్టేదే ఇష్టం. నాలుగు మూలలా జాకీలు పెట్టి ఇంటిని నిలబెట్టి, బండిని కింద నుంచి బయటికి తెచ్చుకోవచ్చు. వారమంతా ఆఫీసుకు ఆ బరువు మోసుకుని సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో నిలబడే పని తప్పుతుంది. కానీ చట్టం వైపు నుంచి ఇది చిక్కే. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను ఉంది: కంపెనీ ఇచ్చిన బండి వివరాలు మారేటట్టు మార్పులు చేయకూడదు. కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. ఇల్లుగా కట్టిన బండ్లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. దాని ప్రకారం పరీక్ష చేయించి ఇచ్చే తయారీదారుల కాడ కొనుక్కుంటే నీకు తలనొప్పి ఉండదు, డబ్బులు మాత్రం ఉండవు. "తీసి పెట్టే బాక్సు సరుకు కిందికే వస్తుంది సార్" అని షెడ్డు వాళ్ళు చెప్తారు. ఆ వాదన నాకు నచ్చుతుంది. రాత్రి పూట చెక్‌పోస్టులో నిలబెట్టిన ఇన్‌స్పెక్టరుకు కూడా నచ్చాల కదా. ఒక ముక్క ఇనుము కోసేముందు ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు, ఇన్సూరెన్సు వాళ్ళకూ రాతపూర్వకంగా చెప్పు. ఓవర్‌లోడుకు ఇరవై వేలు, పైన ప్రతి టన్నుకు రెండు వేలు. సరుకు బండి దాటి బయటికి పొడుచుకుని వస్తే మళ్ళీ ఇరవై వేలు. వెనక ఇరుసు నుంచి వెనక్కి పొడుచుకుని వచ్చేది వీల్‌బేసులో అరవై శాతం దాటకూడదని కూడా రూలు. నీ ఏడడుగులు ఆ గీత పక్కకే వచ్చి నిలబడతాయి.

గ్యాసు గాలికన్నా బరువు, కిందికి దిగి నేల మీద నిలుస్తుంది. సిలిండరుకు బయటి నుంచి మాత్రమే తెరుచుకునే అర కట్టించి, దాని అడుగున బయటికి రంధ్రం పెట్టించు. అయిదు కిలోల చిన్న సిలిండరు చాలు మీకు. పొగ గొట్టం బాక్సు తలుపు కిందికి వస్తా ఉందేమో చూసుకో. హోసూరు చలువ చూసి గోడల్లో థర్మాకోలు ఎందుకులే అనుకోవద్దు. క్రిష్ణగిరి దిగినావంటే ఏప్రిల్‌లో ఆ అల్యూమినియం డబ్బాలో ఇడ్లీలు ఉడుకుతాయి. థర్మాకోలు బరువు ఉండదు, ఎంత పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

నన్ను అడిగితే, పిల్లలు ఇట్లా చిన్నగా ఉన్నన్నాళ్ళూ ఇల్లు మానేయి. వి-క్రాసే కొను, నీకు నచ్చిన బండి. తొట్టి మీదికి అయిదడుగుల పొడుగులోనే, బయటికి రాకుండా, తేలికైన ఫైబర్ మూత పెట్టించు. లోపల రెండు సొరుగులు, ఒక పొయ్యి, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు, లిథియం బ్యాటరీ. వంద ఆంపియర్-అవర్లది పన్నెండు కిలోలు ఉంటుంది, నీ యాభై అయిదుకు బదులు. వంట వెనక డోరు మీద, పడక పక్కన గుడారంలో. ఆ మూత, సామాను, మీ నలుగురు, అన్నీ కలిపినా కాగితంలో రాసిన బరువుకు లోపల ఉండేటట్టు చూడు. ఏసీ లేదు, బాత్రూము లేదు. పెట్రోలు బంకుల్లో ఉంటుంది. పిల్లలు పెద్దయి మీతో రామని చెప్పే రోజు వస్తుంది కదా, అప్పుడు దోస్త్ కొనుక్కుని మీరిద్దరూ ఆరు వందల కిలోల ఇల్లు వేసుకోండి. నేను ఉంటే కట్టిస్తాను.

కాదు, నేను ఇల్లే కడతాను అంటావేమో. నీ మొండితనం మీ అమ్మది. అయితే ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం కొనాలనుకునే బండిని ఒక పూటకు అడిగి తీసుకుని రా. ట్యాంకు నిండా డీజిలు ఉండాల, మీ నలుగురూ అందులో ఉండాల. శూలగిరి కాడ మనకు తెలిసిన కాటా ఉంది. మొదట ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక చీటీ, తర్వాత బండి మొత్తం ఎక్కించి ఒక చీటీ, ఆఖర్న వెనక చక్రాలు మాత్రం ఎక్కించి ఒక చీటీ. మూడు చీటీలు, టైరు మీద అంకె, ఆర్సీలో రెండు బరువులు ముందర పెట్టుకుని కూర్చుంటే, ఆ బండి మీద ఎన్ని కిలోల ఇల్లు, యాడ పెట్టాలో మధ్యాహ్నం భోజనానికి ముందే తేలిపోతుంది. అప్పుడు దాని పొడుగు ఎన్ని అడుగులో నేనే చెప్తాను.

టేపు తెచ్చుకో, నా టేపు అంకెలు చెరిగిపోయినాయి. పిల్లలు ఐరావతేశ్వరుడి గుడి చూడాలని పోయినసారే అడిగినారు, సాయంత్రం తీసుకుపోతాను. మీ అత్త సంగటి చేస్తానంటా ఉంది, ఎంతమంది వస్తారో శనివారమే చెప్పు.

ఇట్లు,
మామ

మర్చిపోయినా: బాక్సుకు అడ్వాన్సు ఇయ్యొద్దు. ఇచ్చేసి ఉంటే, ఎంత ఇచ్చినావో మీ అమ్మకు చెప్పకుండా నాకు చెప్పు.